విగ్రహానికి ఒక న్యాయం, గుమ్మానికి మరో న్యాయం

పురాతన విగ్రహాన్ని బాగుచేయాలన్నా, పాత భవనం ముఖద్వారాన్ని బాగుచేయాలన్నా ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఏ కాలానికి తీసుకెళ్ళి నిలబెట్టాలి? రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ విగ్రహం చెక్కినవాడి చేతి నుంచి నేరుగా మన కళ్ళముందుకు రాలేదు. ఒకరు చెక్కారు, ఇంకెవరో కూలదోశారు, మట్టి దాన్ని శతాబ్దాల పాటు దాచింది. తవ్వితీసినవాడు అమ్మాడు, కొన్నవాడు విరిగిన చేతులు అతికించాడు, ఆ తర్వాతి తరం ఆ చేతులు నచ్చక పీకేసింది. భవనం కథా అంతే. కట్టినవాళ్ళు ఒక వాకిలి పెడతారు, తర్వాతివాళ్ళు దాన్ని మూసి పక్కన ఇంకోటి తెరుస్తారు, మూడో తరం మొదటి వాకిలిని వెతుక్కుంటూ వస్తుంది. ఇన్ని పొరల్లో దేన్ని ఉంచాలో, దేన్ని తీయాలో చెప్పడమే పునరుద్ధరణ. రాయి, సున్నం, రెజిన్ ఆ తర్వాతి మాట.

ఈ ప్రశ్నకు అమెరికాలో రెండు మ్యూజియంలు చెప్పిన జవాబులను పక్కపక్కన పెట్టి చూడాలని ఈ వ్యాసం. ఒకటి లాస్ ఏంజెలస్ పడమటి అంచున, సముద్రానికి ఎదురుగా కొండల మధ్య ఉన్న గెట్టీ విల్లా. రెండోది బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. రెండింటిలోనూ ఒక ప్రసిద్ధ రోమన్ పాలరాతి విగ్రహం ఉంది, రెండూ ఆ విగ్రహానికి వైద్యం చేశాయి. రెండూ జనం లోపలికి వచ్చే దారిని కూడా మార్చాయి. తీర్పు ముందే చెబుతాను: విగ్రహం విషయంలో గెట్టీ చేసినది ఎక్కువ లోతైన పని, వాకిలి విషయంలో బోస్టన్ చేసినది ఎక్కువ న్యాయమైన పని. ఒకచోట సరైన పద్ధతి రెండోచోట ఎందుకు సరిపోదో చూడటమే ఇక్కడి అసలు విషయం.

హెరాక్లీస్ చేతులు

గెట్టీ విల్లాలో ఉన్నది గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ విగ్రహం. లాన్స్‌డౌన్ హెరాక్లీస్ అని పిలిచే దీని ఎత్తు 193.5 సెంటీమీటర్లు. గడ్డం లేని నవయువకుడు, ఎడమ భుజం మీద గద, కుడిచేతిలో తాను చంపిన నెమియా సింహం తోలు. సుమారు క్రీ.శ. 125 నాటి పని. రోమ్ నగరానికి తూర్పున తివోలిలో హాడ్రియన్ చక్రవర్తి కట్టించుకున్న మహాభవనపు శిథిలాల దగ్గర 1790లో బయటపడింది. రెండేళ్ళకే లండన్ చేరి లార్డ్ లాన్స్‌డౌన్ ఇంట్లో నిలబడింది. 1951లో చమురు వ్యాపారి జె. పాల్ గెట్టీ దాన్ని కొన్నాడు. తన మ్యూజియాన్ని రోమన్ భవనం రూపంలో కట్టించాలన్న ఊహ ఆయనకు ఈ విగ్రహం చూశాకే కలిగిందని చెబుతారు.

తవ్వితీసినప్పుడు ఆ విగ్రహం అన్ని అంగాలతో లేదు. 18వ శతాబ్దపు రోమ్‌లో అది తీరని లోటేమీ కాదు. ఇంగ్లండ్ నుంచి యాత్రకు వచ్చే ప్రభువులు మొండి విగ్రహాలను కొనేవారు కాదు. ముక్కూ చేతులూ వేళ్ళూ అన్నీ ఉండాలి, ఇంటి హాల్లో పెడితే దేవుడు దేవుడిలా కనిపించాలి. ఆ గిరాకీ మీద ఒక పరిశ్రమే నడిచింది. బార్తొలొమియో కావాచెప్పి లాంటి శిల్పుల కార్ఖానాల్లో పదుల మంది పనివాళ్ళు విరిగిన అంగాలను కొత్త పాలరాతితో చెక్కి అతికేవారు. కావాచెప్పి ఈ విద్య గురించి పుస్తకాలే అచ్చు వేయించాడు. పాత విగ్రహం పోకడను ఆకళింపు చేసుకుని దానికి లొంగి పనిచేయాలి తప్ప సొంత ప్రజ్ఞ చూపించకూడదన్నది ఆయన పద్ధతి. హెరాక్లీస్‌కు కూడా అలాంటి చేయి తిరిగిన శిల్పి ఎవరో పోయిన భాగాలను చెక్కి నిలబెట్టాడు.

ఆ అతుకుల లోపల ఉన్నవి ఇనుప కడ్డీలు. పాలరాతికి ఇనుము అంత శత్రువు లేదు. గాలిలోని చెమ్మ సన్నటి పగుళ్ళ గుండా లోపలికి చేరితే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉబ్బిన కడ్డీ రాతిని లోపలి నుంచి నెడుతుంది, చివరకు చీలుస్తుంది. అతికిన చెయ్యి కోసం పెట్టిన కడ్డీ అసలు భుజాన్నే బద్దలు కొట్టగలదు. అందుకే 1970లలో గెట్టీ నిపుణులు విగ్రహాన్ని విప్పారు. విప్పినప్పుడు 18వ శతాబ్దపు పాలరాతి భాగాలను మళ్ళీ పెట్టలేదు. కావలసినచోట రెజిన్‌తో పోతపోసిన ముక్కలు మాత్రం పెట్టి, మిగిలిన చోట విగ్రహాన్ని రోమన్ శిల్పి ఉలి తాకినంత వరకే చూపించారు. పురాతనమైనదే సత్యం, తర్వాత చేరినదంతా కల్తీ అన్నది ఆ రోజుల నమ్మకం.

1990లలో అదే మ్యూజియం తన నిర్ణయాన్ని తానే తిరగదోడింది. పక్కన దాచి ఉంచిన 18వ శతాబ్దపు భాగాలను తెచ్చి హెరాక్లీస్‌కు మళ్ళీ అమర్చింది. ఈసారి తుప్పు పట్టని లోహం వాడారు, కావాలంటే విప్పుకోగలిగేలా అతికారు. నేటి విగ్రహ వైద్యంలో ఇదే ప్రధాన సూత్రం. అసలు రాతికీ గట్టి జిగురుకూ మధ్య కరిగించి తీయగల రెజిన్ పొర ఒకటి వేస్తారు. రేపటి నిపుణుడికి ఇంతకంటే మంచి ఉపాయం దొరికితే రాయి దెబ్బ తినకుండా అతుకు విప్పుకోవచ్చు.

ఈ వెనక్కి తగ్గడంలోనే గెట్టీ గొప్పతనం ఉంది. హెరాక్లీస్ రెండు సార్లు పుట్టినవాడు. ఒకసారి హాడ్రియన్ కాలంలో, ఒకసారి 18వ శతాబ్దపు రోమ్ కార్ఖానాలో. యూరప్ రెండు వందల ఏళ్ళ పాటు ప్రాచీన రోమ్‌ను చూసింది ఆ రెండో పుట్టుక కళ్ళతోనే. చిత్రకారులు గీసుకున్నదీ, సంపన్నులు ఇళ్ళల్లో నిలుపుకున్నదీ, గెట్టీ మనసుపడి కొన్నదీ అతికిన చేతులున్న హెరాక్లీస్‌నే. ఆ చేతులు పీకేస్తే పోయేవి రాతి ముక్కలు మాత్రమే కావు, రెండు శతాబ్దాల చూపు కూడా పోతుంది.

ఆకాశం నుంచి దిగిన జూనో

బోస్టన్ విగ్రహం కథ వేరు. రోమన్ దేవత జూనో పేరుతో పిలిచే ఈ మూర్తి ఎత్తు 13 అడుగులు, బరువు 13,000 పౌన్లు, అంటే దాదాపు 5,900 కిలోలు. 17వ శతాబ్దం నుంచీ రోమ్‌లోని లుదోవీసి కుటుంబం సేకరణలో ఉండేది. 1880లలో రోమ్ నగరం విస్తరిస్తున్నప్పుడు లుదోవీసి తోటలను ప్లాట్లు చేసి అమ్మేశారు, విగ్రహాలు చెదిరిపోయాయి. జూనోను 1897లో బోస్టన్ దంపతులు కొన్నారు. 20వ శతాబ్దం మొదట్లో ఆమె అట్లాంటిక్ దాటి, బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో ఒక ఎస్టేట్ తోటలో నిలబడింది. అక్కడే వందేళ్ళకు పైగా ఉంది.

ఇటలీ పాలరాతికి బోస్టన్ చలికాలం పడదు. పాలరాతి పైపొరలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాన నీళ్ళు వాటిలో చేరి రాత్రి గడ్డకట్టి వ్యాకోచిస్తాయి, పగలు కరుగుతాయి. ఒక్కో చలికాలంలో ఇలా ఎన్నో సార్లు జరుగుతుంది. దాంతో రాతి రేణువులు పట్టు వదిలేస్తాయి, వేలితో రాస్తే చక్కెరలా రాలుతాయి. నగరపు గాలిలోని గంధక వాయువులు తడితో కలిసి పాలరాతిని జిప్సంగా మారుస్తాయి. జిప్సం నీటికి కరిగిపోతుంది, దానితో పాటే చీరమడత అంచూ కనుబొమ్మ గీతా కరిగిపోతాయి. ఒకసారి పోయిన పైపొరను తిరిగి తేగల విద్య ఎవరి దగ్గరా లేదు. నిపుణులు చేయగలిగింది నాచును తుడవడం, వదులైన రేణువులను గట్టిపరచడం, పాత అతుకులు పరీక్షించడం.

2011లో విగ్రహం మ్యూజియం సొంతమైంది. మరుసటి ఏడాది దాన్ని తరలించారు. మొండెం నుంచి వేరుగా చెక్కి నిలిపిన తలను ముందు జాగ్రత్తగా దించారు, మెడ దగ్గర అతుకు ప్రయాణపు కుదుపులకు ఓర్చుకుంటుందన్న నమ్మకం లేక. మ్యూజియం గుమ్మాల గుండా ఆమెను తీసుకెళ్ళడం కుదరదు. పైకప్పులోని అద్దాల వెలుతురు గవాక్షాన్ని తెరిచి, పెద్ద క్రేన్‌తో గాల్లోకి ఎత్తి, గ్యాలరీలోకి దించారు. ఆ బరువును మోయడానికి కింద నేలను ముందే బలపరిచి ఉంచారు. అక్కడ వైద్యం సందర్శకుల కళ్ళెదుటే సాగింది. మంచె మీద నిలబడి ఒక నిపుణురాలు దేవత మెడ అతుకును చూస్తుంటే, కింద బడిపిల్లలు తలెత్తి చూడగలిగారు.

అలా చూపించడం బోస్టన్ చేసిన మంచి పని. చాలా మ్యూజియంలు విగ్రహాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి మెరిపించి తెస్తాయి. సందర్శకుడికి అది ఎప్పుడూ అలాగే ఉన్నట్టు అనిపిస్తుంది. రాయికి జబ్బు చేస్తుందనీ, దానికి ఓపికతో వైద్యం చేసేవాళ్ళున్నారనీ జనానికి తెలిస్తేనే రేపు తమ ఊరి శిల్పం మీద సిమెంటు పూస్తున్నప్పుడు ఎవరో ఒకరు అడ్డం నిలబడతారు.

పక్కపక్కన పెడితే

రెండు విగ్రహాలకూ రెండు రకాల గాయాలు. హెరాక్లీస్ గాయం లోపలిది, మనుషులు పెట్టిన ఇనుము. జూనో గాయం పైది, వాన, మంచు, పొగ. హెరాక్లీస్ విషయంలో మ్యూజియం తన పెద్దల తీర్పును తిరగరాయాల్సి వచ్చింది. జూనో విషయంలో అలాంటి చిక్కు లేదు, తోట నుంచి లోపలికి తేవడం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. అందుకే బోస్టన్ పని ఎంత పెద్దదైనా, ఎంత నైపుణ్యం ఉన్నా, ఆలోచనలో గెట్టీ పనికే ఎక్కువ బరువు. ఆరు టన్నుల విగ్రహాన్ని కప్పు మీదుగా దించడం కష్టమే. తాను తీసేసిన చేతుల్ని తానే తిరిగి పెట్టడానికి ఒక సంస్థ ఒప్పుకోవడం ఇంకా కష్టం.

తీసేస్తే ఏమవుతుందో తెలియాలంటే మ్యూనిక్ చూడాలి. ఏజినా ద్వీపపు గ్రీకు దేవాలయ శిల్పాలను 1812లో బవేరియా యువరాజు లుడ్విగ్ కొన్నాడు. 1816 నుంచి 1818 దాకా రోమ్‌లో డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సెన్ వాటికి తలలూ కాళ్ళూ చేతులూ చెక్కి అతికించాడు. కొత్త పాలరాయి చక్కగా కూర్చోవడానికి పాత విరుగుళ్ళను సాపు చేశారు. 1960లలో మ్యూనిక్ గ్లిప్టోథెక్ ఆ చేర్పులన్నిటినీ తొలగించింది. తొలగించాక మిగిలినవి ప్రాచీన విరుగుళ్ళు కావు, 19వ శతాబ్దపు రంపపు కోతలు. కాలు లేనిచోట ఉక్కు ఊత. శుద్ధమైన ప్రాచీనత వస్తుందనుకున్న చోట థోర్వాల్డ్‌సెన్ కత్తిరించిన గుర్తులు మిగిలాయి, ఆ కత్తిరింపుకు కారణమైన థోర్వాల్డ్‌సెన్ శిల్పం మాత్రం పోయింది. వెనక్కి వెళ్ళే దారి సగంలోనే తెగిపోయిందన్నమాట.

గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. మ్యూనిక్‌లో ఈ పని జరుగుతున్న రోజుల్లోనే, 1964లో, కట్టడాల పరిరక్షణ నిపుణులు వెనిస్‌లో సమావేశమై ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఒక కట్టడానికి వేర్వేరు కాలాలు చేర్చిన విలువైన పొరలన్నిటినీ గౌరవించాలనీ, కొత్తగా పెట్టే భాగం మొత్తంతో ఇమిడిపోతూనే పాతదానితో కలిసి మోసం చేయకుండా విడిగా తెలియాలనీ అందులోని నియమాలు. భవనాల వాళ్ళు పొరల్ని కాపాడాలని రాసుకుంటున్న దశాబ్దంలో విగ్రహాల వాళ్ళు పొరల్ని ఒలుస్తూ కూర్చున్నారు. హెరాక్లీస్ చేతులు తిరిగి రావడంతో విగ్రహాల లోకం ఆ మాట దగ్గరికి ముప్పై ఏళ్ళు ఆలస్యంగా చేరింది.

బోస్టన్ వాకిళ్ళు

ఇక గుమ్మాల దగ్గరికి వద్దాం. బోస్టన్ మ్యూజియం ఇప్పటి భవనాన్ని గై లోవెల్ రూపొందించాడు. 1909లో హంటింగ్టన్ అవెన్యూ మీద తెరిచారు. 500 అడుగుల పొడవున గ్రానైటు ముఖభాగం, మధ్యలో స్తంభాల మండపం, ముందున్న పచ్చికలో గుర్రం మీద చేతులు చాచి ఆకాశం వైపు చూస్తున్న ఆదివాసీ వీరుడి కంచు విగ్రహం. 1915లో ఉత్తరాన, ఫెన్‌వే ఉద్యానం వైపు, అయోనిక్ స్తంభాల వరుసతో ఇంకో ముఖం వచ్చింది. ఒక గుమ్మం ట్రాములు తిరిగే రోడ్డుకు, ఇంకోటి చెట్లకూ నీళ్ళకూ ఎదురుగా. హంటింగ్టన్ గుమ్మం దాటి మెట్లెక్కితే గుండ్రటి పెద్ద గోపురం. దానికీ మెట్ల మీది కప్పుకూ జాన్ సింగర్ సార్జెంట్ 1916 నుంచి 1925లో చనిపోయేదాకా చిత్రాలూ ఉబ్బెత్తు శిల్పాలూ చేశాడు. అంటే గుమ్మం, మెట్లు, గోపురం మూడూ కలిపి ఒకే కూర్పు. రోడ్డు మీది మనిషి మెల్లగా తలెత్తుతూ కళలోకి అడుగుపెట్టే క్రమం అది.

1981లో ఐ. ఎం. పెయి పడమటి పక్కన కొత్త భాగం కట్టాడు. వెలుతురు బాగా వచ్చే గాజు కప్పు, భోజనశాల, దుకాణం, కార్లు ఆపుకునే స్థలానికి దగ్గరగా కొత్త ప్రవేశం. జనం అటు మళ్ళారు. ఫెన్‌వే ద్వారం దశాబ్దాల తరబడి మూసి ఉంది. 1990ల మొదట్లో డబ్బు కటకట వచ్చి హంటింగ్టన్ ద్వారాన్నీ మూసేశారు. గ్రానైటు మండపం నిలబడే ఉంది, కానీ దాని తలుపులు తెరుచుకోవు. సార్జెంట్ గోపురం లోపలే ఉంది, కానీ పక్కదారిన వచ్చినవాడు వెతుక్కుంటే తప్ప తగలదు. ట్రాము దిగి వచ్చినవాడికి ఎదురయ్యేది మూసిన తలుపు.

1994లో డైరెక్టరుగా వచ్చిన మాల్కం రోజర్స్ మొదట చేసిన పనుల్లో ఒకటి హంటింగ్టన్ తలుపులు తెరవడం, 1995లో. 2008లో ఫెన్‌వే ద్వారం కూడా తెరుచుకుంది. వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ కార్యాలయం వేసిన ప్రణాళికలో లోవెల్ తలపెట్టిన ఉత్తర దక్షిణ నడక మళ్ళీ మ్యూజియానికి వెన్నెముక అయింది. పెయి కట్టిన భాగాన్ని మాత్రం కూల్చలేదు. 2011లో దాన్ని సమకాలీన కళకు కేటాయించారు. ముందువాడికి తిరిగి ఇవ్వడానికి తర్వాతివాడి దగ్గర లాక్కోలేదు. 1909, 1915, 1981, మూడు పొరలూ నిలిచాయి, మూడింటికీ పని ఉంది.

గెట్టీ దారి

గెట్టీ విల్లా 1974లో తెరుచుకుంది. దానికి నమూనా, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణపు విల్లా దెయి పపీరి. దాన్ని నేటికీ పూర్తిగా తవ్వలేదు. 18వ శతాబ్దంలో కార్ల్ వెబర్ సొరంగాలు తవ్విస్తూ గీసిన పటమే గెట్టీ వాస్తుశిల్పులకు ఆధారం. గెట్టీ ఇంగ్లండ్‌లో ఉండి కట్టించాడు, 1976లో చనిపోయేదాకా ఒక్కసారీ వచ్చి చూసుకోలేదు.

1974లో సందర్శకుడు భవనం కింది భాగంలో కారు ఆపి, పైకి రాగానే పెద్ద ఉద్యానం అంచున తేలేవాడు. పొడవాటి కొలను, రెండు పక్కలా స్తంభాల వసారాలు, కంచు విగ్రహాలు, ఎదురుగా దూరంగా మ్యూజియం. అందంగానే ఉండేది, కానీ రోమన్ ఇంటి వరస అది కాదు. రోమన్ ఇంట్లో ముందు వచ్చేది ఏట్రియం, మన మండువా లోగిలి లాంటిది. మధ్యలో కప్పు తెరిచి ఉంటుంది, కింద వాననీటి తొట్టి. దాన్ని దాటాకే లోపలి తోట. గెట్టీలో సందర్శకుడు ఇంటికి పెరటి వైపు నుంచి వస్తున్నట్టయింది.

1997లో విల్లాను మూసి, మచాడో, సిల్వెట్టి అనే వాస్తుశిల్పుల చేత మార్పులు చేయించి 2006 జనవరిలో తెరిచారు. ఇప్పుడు సందర్శకుడు కొండవాలున తెరిచిన మండపం దగ్గర మొదలుపెడతాడు. చెక్క అచ్చుల కాంక్రీటు, ట్రావర్టిన్ రాయి, కంచు, ఇలా పొరలు పొరలుగా పేర్చిన గోడల మధ్య మెట్లెక్కుతాడు. తవ్వకపు గోతి అంచున నడుస్తూ కింద బయటపడిన భవనాన్ని చూస్తున్నట్టు ఉండాలన్నది ఆ గోడల ఉద్దేశం. అర్ధచంద్రాకారపు రంగస్థలం మెట్ల దగ్గరికి దిగి, ఎదురుగా ఉన్న తలుపు గుండా ఏట్రియంలోకి అడుగుపెడతాడు. అక్కడి నుంచి లోపలి తోట, ఆపైన పెద్ద తోట. వరస సరిపోయింది. రోమన్ ఇల్లంటే ఏమిటో చెప్పే పాఠంగా చూస్తే దీనికి వంక పెట్టడం కష్టం. కొత్త గోడలు పాతవిగా నటించవు, 21వ శతాబ్దంవిగానే నిలబడతాయి. అదీ నిజాయితీయే.

అయినా ఒక వెలితి ఉంది. 1974 నాటి రాకడ కూడా ఈ భవనపు చరిత్రే. కారులో వచ్చి, చీకటి నుంచి పైకి తేలి, ఒక్కసారిగా నీళ్ళూ ఆకాశమూ చూడటం ఆ కాలపు కాలిఫోర్నియా రోమ్‌ను ఊహించుకున్న తీరు. హెరాక్లీస్‌కు 18వ శతాబ్దం అతికిన చేతులు ఎలాంటివో, రోమన్ ఇంటికి 20వ శతాబ్దం అతికిన ఆ దారి అలాంటిదే. చేతుల్ని తిరిగి పెట్టిన సంస్థే దారిని తీసేసింది. చేతుల విషయంలో తర్వాతి పొరకు విలువ ఇచ్చిన మనసు, దారి విషయంలో నేరుగా మొదటి శతాబ్దానికి పోదామంది. ఈ భవనానికి మొదటి శతాబ్దం ఎన్నడూ లేదు. దాని పుట్టుక 1974లోనే.

రెండు న్యాయాలు ఎందుకు

అయితే విగ్రహానికీ గుమ్మానికీ ఒకే కొలత పెట్టాలా? అక్కర్లేదన్నదే నా వాదన. జూనోకు ఇప్పుడు ఎవరూ నైవేద్యం పెట్టరు. హెరాక్లీస్‌కు మొక్కుకునే వాళ్ళు లేరు. వాటిని ఏ పని కోసం చెక్కారో ఆ పని ముగిసింది. మిగిలింది వాటి బతుకు కథ. అందుకే వాటి విషయంలో అన్ని పొరలనూ కాపాడాలి, తీసిందాన్ని దాచాలి, అతికిందాన్ని విప్పగలిగేలా అతకాలి.

ఇది తెలుగువాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యే తేడా. పూజలో ఉన్న మూలవిరాట్టు భిన్నమైతే కొత్త మూర్తిని ప్రతిష్ఠిస్తారు, పాతదాన్ని శాస్త్రోక్తంగా తీస్తారు. అక్కడ ఆరాధన ముఖ్యం. అదే అమరావతి పలకలో బుద్ధుడి పాదం విరిగి ఉంటే దానికి కొత్త పాదం చెక్కించమని ఎవరూ అడగరు, అక్కడ చరిత్ర ముఖ్యం. ఒకే రాయి, దాని పనిని బట్టి న్యాయం మారుతుంది. ఈ తేడా మరిచిపోయినప్పుడే జీర్ణోద్ధరణ పేరిట శతాబ్దాల నాటి గుడి స్తంభాల మీద ఎనామిల్ రంగులు పడతాయి, చెక్కడాల సందుల్లో సిమెంటు చేరుతుంది. పూజకు ఆ రంగు అక్కర్లేదు, చరిత్రకు అది హాని.

గుమ్మం అలా కాదు. దాని పని ముగియలేదు, మనుషులు దాటినన్నాళ్ళూ అది గుమ్మమే. మూసిన గుమ్మానికి ఎంత మెరుగు పెట్టినా, స్తంభాలను ఎంత శుభ్రం చేసినా అది పునరుద్ధరణ కాదు. కాబట్టి గుమ్మాన్ని కొలవాల్సింది దాన్ని ఎవరు దాటగలుగుతున్నారన్నదానితో. కారు లేనివాడు దాటగలడా? చక్రాల కుర్చీలో వచ్చే పెద్దావిడ, పిల్లల బండి తోసుకొచ్చే తల్లి దాటగలరా? ఎత్తయిన మెట్లు అడ్డమైతే పక్కన ర్యాంపు కట్టడం చరిత్రకు అపచారం కాదు, ఆ గుమ్మం మొదటి ఉద్దేశానికి చేసే సేవ.

ఈ కొలతతో చూస్తే తేడా స్పష్టం. బోస్టన్ నగరం తన మ్యూజియం ముఖద్వారాన్ని నిజంగానే పోగొట్టుకుంది. రోడ్డు మీద నడిచేవాడికి మూసి ఉన్న తలుపు మళ్ళీ తెరుచుకుంది, సార్జెంట్ గోపురం మళ్ళీ దారిలోకి వచ్చింది. పోయినదాన్ని పోగొట్టుకున్నవాళ్ళకే ఇవ్వడం పునరుద్ధరణకు మొదటి అర్థం. గెట్టీ విల్లా చేసింది మంచి సవరణ, చక్కటి బోధన, కానీ ఎవరూ పోగొట్టుకోనిదాన్ని తెచ్చి ఇచ్చింది. లోయలో ఒంటరిగా ఉన్న ఆ విల్లాకు వీధి లేదు, వీధితో తెగిన బంధమూ లేదు. దాన్ని కొత్త రచనగా మెచ్చుకోవచ్చు, పునరుద్ధరణగా లెక్కవేయలేం.

రెండు మ్యూజియంలూ ఒకదాని దగ్గర ఒకటి నేర్చుకోవలసింది ఉంది. హెరాక్లీస్ చేతుల విషయంలో చూపిన వినయాన్ని గెట్టీ తన 1974 నాటి దారి మీద కూడా చూపించాలి. కనీసం ఆ పాత రాకడను ఫొటోలతో, పటాలతో ఉద్యానం అంచున గుర్తు చేయాలి. బోస్టన్ తన జూనో పక్కన లుదోవీసి తోట, బ్రూక్‌లైన్ తోట, రెండింటి చిత్రాలూ ఎప్పటికీ ఉంచాలి. ఆమె ముఖం మీది అరుగుదల ఎక్కడి వానలదో చూసేవాడికి తెలియాలి.

ఆ రెండు నగరాల్లోనూ ఇప్పుడు తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు, చుట్టపుచూపుగా వెళ్ళే అమ్మానాన్నలూ తక్కువ లేరు. బోస్టన్‌లో మ్యూజియానికి వెళితే ట్రాము దిగి హంటింగ్టన్ వైపు నుంచే లోపలికి వెళ్ళండి, మెట్లెక్కి గోపురం కింద ఒక్క నిమిషం ఆగండి. గెట్టీ విల్లాకు వెళితే హెరాక్లీస్ చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగి, అతుకు గీతలు ఎక్కడున్నాయో వెతకండి. ఆ చూపు అలవాటైనవాళ్ళు సెలవులకు ఊరొచ్చి, గుడి స్తంభానికి రంగు వేయిస్తున్న కమిటీ పెద్దల దగ్గర కూర్చుని, వద్దని మర్యాదగా చెప్పగలగాలి. మన రాళ్ళకు ఇప్పుడు కావలసిన సాయం అది.